హాస్టల్ పిల్లలంటే అంత అలుసా?

డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! శాంప్లింగ్ పాఠంలో కన్వీనియన్స్ శాంప్లింగ్ అని ఒకటుంటది. చేతికి సులువుగా దొరికినోళ్లనే నమూనాగా తీసుకోవడం. పరీక్షలో రెండు లైన్లు రాసి వదిలేస్తాం. ఎవరు సులువుగా దొరుకుతారో ఆ పుస్తకంలో ఉండదు. మనమే దొరుకుతాం.

2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏండ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకాలు మొదలుపెట్టారు. దాదాపు 14 వేల మంది. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని. అందులో ఎంతోమంది హాస్టల్ పిల్లలు. తల్లిదండ్రులేమో ఎక్కడో గూడెంలో, పిల్లలందరూ ఒకే గేటు లోపల. ఒక్కొక్కరికి మూడు డోసులు వేయాలి. ఇంతకన్నా సులువైన చోటు ఇంకెక్కడుంటది?

మరి ఒప్పుకున్నదెవరు? ప్రభుత్వ విచారణలో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లే సంతకం పెట్టారు. 1,948 మీద వేలిముద్రలు. ఏమని చదివి వినిపించి ఆ వేలిముద్ర వేయించారు?

సికింద్రాబాద్‌లో చదివేటోళ్లు బేగంపేటలో రోనాల్డ్ రాస్ పరిశోధన చేసిన భవనం చూసే ఉంటారు. 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని ఆయన చూశాడు. ఆ దోమలతో కుట్టించుకున్న రోగి హుస్సేన్ ఖాన్. దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారు. తెల్లదొరల పాలనలో కూడా ఆ మనిషికి ఒక పేరుంది, ఒక లెక్కుంది. వందేళ్లు దాటాక భద్రాచలం తల్లిని ఒక మాట అడగడానికి తీరిక లేకపోయింది!

'ఇది ప్రయోగం కాదు, డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్టు' అన్నారు. పేరు మార్చి నియమాలు తప్పించుకునే ఎత్తు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఆ మాట ఒప్పుకోలేదు, పిల్లల హక్కులు ఉల్లంఘించారని తేల్చింది.

ఖమ్మం, గుజరాత్‌లోని వడోదర కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయాక, 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపారు. ఆ చావులకు టీకాతో సంబంధం లేదని విచారణ కమిటీ చెప్పింది. కావచ్చు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపే టీకా అది, మన ఆడపిల్లలకు కావాల్సిందే. కానీ టీకా వేయని పిల్లలను కంట్రోల్ గ్రూపుగా పెట్టి పోల్చిన డిజైన్ కాదు. దుష్ప్రభావాలు నమోదు చేసే ఏర్పాటూ సరిగ్గా లేదు. అలాంటప్పుడు 'సంబంధం లేదు' అనే మాటను ఆ తల్లి ఎట్లా నమ్మాలి?

రేపు మీ హాస్టల్‌కు ఎవరైనా ఫారం పట్టుకొస్తే ఇవే అడగండి. మా పిల్లలనే ఎందుకు ఎంచుకున్నారు? ఎవరితో పోలుస్తారు? ఏమన్నా అయితే వైద్యం ఎవరు చేయిస్తారు? ఆ ఫారాన్ని కోయలోనో, గోండిలోనో గ్రామసభలో చదివి వినిపించమనండి. తల్లిదండ్రుల బదులు వార్డెన్ సంతకం చెల్లదని ఐటీడీఏ పీవోకు ఇప్పుడే రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి.