లాడ్జి క్రింద బారు

మన పట్టణములలో లాడ్జి యన్న మాటకు రెండర్థము లేర్పడి చాలాకాలమైనది. పైన గదులు, క్రింద పర్మిట్ రూము. ఈ పర్మిట్ రూమన్న పేరు 1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టము కన్న బిడ్డ. అనుమతి పత్రము లేనిదే త్రాగరాదన్న నియమము చట్టమున నేటికిని ఉన్నది, బోర్డును మిగిలినది. చైత్రమాసమున మహాకాళీ యాత్రకు తెలంగాణమునుండి వచ్చు మన బంధువులు పిల్లలతో బస వెదకునపుడు ఆ బోర్డు క్రిందనుండియే మెట్లెక్కవలసి వచ్చుట మనకు గౌరవము కాదు.

ఈ బారులు ఒకసారి మూతపడినవి. 2010లో చిమూరునుండి నాగపురము వరకు స్త్రీలు కాలినడకన పోయి శాసనసభ ముంగిట మొరపెట్టుకొనిరి. 2015 ఏప్రిల్ 1న జిల్లా యంతటను మద్యనిషేధ మమలులోనికి వచ్చినది. తెలుగువారికిది క్రొత్త కథ కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. 1993లో సారాయు, 1995లో సకల మద్యమును నిషిద్ధమయ్యెను. 1997లో ఆ నిషేధము సడలినది. ఇక్కడ ఆరేండ్లు నిలిచి, 2021 మే నెలలో మంత్రివర్గ నిర్ణయముతో తొలగినది.

తొలగుటకు కారణము దూరమున వెదకనక్కరలేదు. తూర్పున గడ్చిరోలి 1993 నుండియే నిషిద్ధ ప్రాంతము. కాని దక్షిణమున తెలంగాణము, పడమట యవత్మాళ్, ఉత్తరమున నాగపురము తెరచియే యున్నవి. ఏరు దాటిన సీసా దొరకునపుడు నిషేధము దొంగ వ్యాపారికి లాభము చేకూర్చెను. బల్లలు తుడుచు కుర్రవాని కూలి పోయెను. కావున ఎత్తివేతను నేను తప్పుపట్టను. కాని ఆ స్త్రీల మొరకు సమాధాన మింకను రాలేదు.

చట్టము ధనికునకొకటి, పేదకొకటి యైనను నిలువదు. 2005లో మహారాష్ట్ర ప్రభుత్వము నృత్యశాలలను మూయించి, మూడు నక్షత్రములును అంతకు మించినవియు నైన హోటళ్లను మినహాయించెను. 2013లో సుప్రీంకోర్టు ఆ భేదమును అంగీకరింపలేదు.

మనకు చేతిలోనున్న సాధనము వేరు. 2008 నాటి ఉత్తరువు గ్రామములకును, తరువాతి ఉత్తరువు పట్టణ వార్డులకును ఓటు హక్కు నిచ్చినవి. గుర్తులు రెండు: నిలువు సీసా, అడ్డు సీసా. అడ్డు సీసాకు నియమము కోరినన్ని ఓట్లు పడినచో ఆ దుకాణము మూయవలసినదే. జిల్లా నంతటిని ఎండగట్టనక్కరలేదు. యాత్రికులు దిగు వీధిలో, బడి పిల్లలు నడచు వీధిలో మాత్రము అడ్డు సీసా వేసిన చాలును. లాడ్జి యజమానులు కోపగింతురేమో! గదులు వారివే, అద్దె వారిదే. క్రింది అంతస్తులో ఇడ్లీ అమ్మిన నష్టమేమి?

అయితే ఓటింగు జరుగుటకు ముందుగా నాలుగవ వంతు ఓటర్ల సంతకములు కావలయును. దరఖాస్తు మరాఠీలో నుండును. దానిని మన యింటి అవ్వలకు, అత్తలకు తెలుగున చదివి వినిపించి, వేలిముద్రయో సంతకమో వారి యిష్టమునకు విడువగల యువతీయువకులు వార్డునకు ఇద్దరు చొప్పున సంఘ కార్యాలయమునకు రావలెను.