రోకలిబండపై బ్రహ్మాస్త్రం

తొలకరి పడగానే మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లలో ఏటా ఒక భయం మొలకెత్తుతుంది. స్నానాలగదిలోనో గడప పక్కనో ముదురు గోధుమరంగు పురుగొకటి చుట్టచుట్టుకొని కనిపిస్తుంది. "జెర్రి!" అని కేక. మరునాడే పురుగుమందు డబ్బాతో మనిషి ప్రత్యక్షం. దీనిని ఆరోగ్యరక్షణ అనడం తగదు. ఇది అజ్ఞానానికి మనం చెల్లిస్తున్న మూల్యం.

అది జెర్రి కాదు, రోకలిబండ. జెర్రి బల్లపరుపుగా ఉంటుంది, కణుపుకు ఒక జత కాళ్లు, వేగంగా పరుగెత్తుతుంది, కాటులో విషం ఉంటుంది. మన ఇళ్లలో తరచు కనిపించే రోకలిబండ గుండ్రంగా ఉంటుంది, చాలా కణుపులకు రెండేసి జతల కాళ్లు, నడక నిదానం, తాకితే చుట్టుకుపోతుంది. కరవదు, కుట్టదు. దోమలా, ఈగలా రోగాలను మోసుకురాదు. ఆత్మరక్షణకై అది స్రవించే ద్రవం అంటితే చర్మంపై గోధుమరంగు మరక, కొందరికి మంట కలుగవచ్చు. సబ్బుతో కడిగితే చాలు. కంటిలో పడితే మాత్రం ధారాళంగా నీటితో కడిగి వైద్యుని వద్దకు వెళ్లాలి.

అసలు దానిని పిలిచింది మనమే. రాతిగుట్టలు పగులగొట్టి, మేడల చుట్టూ పచ్చిక పరచి, నిత్యం తడిపి, రాలిన ఆకులను మూలల్లో పోగుచేశాము. కుళ్లిన ఆకులే దాని ఆహారం. వాటిని ఎరువుగా మార్చడమే దాని పని. వానకు నేల నానితే పొడిచోటు వెతుక్కుంటూ లోపలికి వస్తుంది. తేమలేని గదిలో ఎక్కువకాలం బ్రతకదు కూడా.

"పసిపిల్లలున్న ఇల్లు కదా, మందు కొట్టించకపోతే ఎలా?" అంటారు. పసిపిల్లలున్నారు కనుకనే వద్దంటున్నాను. నేలపై పాకి, ఆ చేతినే నోట పెట్టుకునేది వారే. క్లోరోపైరిఫాస్ అనే మందు గృహవినియోగాన్ని దాదాపు పూర్తిగా విరమింపజేయాలని అమెరికా 2000లోనే నిర్ణయించింది, ముఖ్యంగా పిల్లల క్షేమం తలచి. మాస్కు, చేతితొడుగులు లేకుండా మందు కొట్టే కార్మికుని ఊపిరితిత్తులూ మనవంటివే. పైగా బయట తడి ఆకులున్నంతకాలం కొత్త రోకలిబండలు వస్తూనే ఉంటాయి.

చీపురు, చేట చాలు. ఎత్తి చెట్టు మొదట్లో వదలండి. తలుపు కింది సందు, గోడ పగుళ్లు మూయించండి. గోడవారగా ఆకులు, తడి పోగుపడనీయకండి. సంక్షేమ సంఘం ఈసారి మందుకు చందా అడిగితే, ఆ మందు పేరేమిటో, దాని అవసరమేమిటో అడగండి. సమాధానం రాకుంటే పైసా ఇవ్వకండి.