పెద్దరోగాన్ని అక్కున చేర్చుకున్న డిచ్‌పల్లి

బడంగ్‌పేట్‌లో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే దిల్‌సుఖ్‌నగర్‌కో, ఎల్బీనగర్‌కో ఉరకాలె. తొవ్వ పొడుగునా దవాఖానల బోర్డులే. పైసలున్నవాడికి తలుపులు బార్లా తెరిచి ఉంటాయి. లేనివాడికి? ఇంటివాళ్లే గెంటేసినవాడికి? ఈ ప్రశ్నకు వందేళ్ల కిందటే నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లి జవాబు చెప్పింది.

కుష్ఠును మన పల్లెల్లో పెద్దరోగం అన్నారు. అది సోకిన మనిషిని ఊరవతల పడేశారు. బ్రిటిష్ ఇండియాలోనైతే 1898 చట్టం దిక్కులేని కుష్ఠు రోగిని పట్టుకుపోయే అధికారం పోలీసులకు ఇచ్చింది. 2016 దాకా ఆ చట్టాన్ని రద్దు చేయలేదు. రోగిని నేరస్తుడిగా చూసిన ఆ కాలంలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త, మెథడిస్టు పాదిరి జార్జ్ కెర్ ఆ రోగులను దగ్గరికి తీశారు. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు దవాఖాన వెలిసింది.

అయితే, ఇది ఒక్క మిషనరీల కథేనా? కాదు. భూమి, పైసలు ఇచ్చి నిలబెట్టింది నిజామాబాద్‌కు చెందిన రాజా నర్సాగౌడ్. మిషన్ దవాఖాన అనగానే మతమార్పిడి మాట ఎత్తేవాళ్లను మేము అడుగుతున్నాం: మరి ఈ హిందూ దాత ఏం చూసి ఇచ్చాడు? రోగి బాధ చూసి ఇచ్చాడు. అన్నీ తెల్లదొరలే చేశారని మురిసేవాళ్లు కూడా ఈ పేరు గుర్తుపెట్టుకోవాలె.

అప్పుడున్న మందు చాల్‌మొగ్ర నూనె సూదులే. ఇక్కడ పనిచేసిన డాక్టర్ జాన్ లో, తర్వాత నైజీరియాలో డాప్సోన్ మాత్రలతో వైద్యం చేసి చూపించాడు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. ఇప్పుడు ఆరు నెలల నుంచి ఏడాది మందులతో రోగం నయమవుతుంది. సర్కారు దవాఖానల్లో ఆ మందులు ఉచితం.

మందు దొరికింది, మరి మనిషికి మర్యాద దొరికిందా? 2005 చివరికల్లా దేశస్థాయిలో కుష్ఠు నిర్మూలన లక్ష్యం చేరామని సర్కారు ప్రకటించింది. పదివేల మందికి ఒక్కరికన్నా తక్కువ రోగులుండడమే ఆ లెక్క. రోగం పూర్తిగా పోయిందని కాదు. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే నిబంధనలు 2019లో గానీ తొలగలేదు. రోగం నయమైనా స్పర్శ తిరిగిరాని పాదానికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు, పుండు పడుతుంది. వంకరపోయిన వేళ్లకు ఆపరేషన్ కావాలె, మొద్దుబారిన కాళ్లకు మెత్తటి చెప్పులు కావాలె. మాత్రల పొట్లం చేతిలో పెట్టి పంపిస్తే తీరే పని కాదిది.

మేము కోరేది రెండే. పుండ్ల సంరక్షణ, చెప్పులు, ఆపరేషన్ల పనిలో ఇలాంటి పాత మిషన్ దవాఖానల అనుభవాన్ని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలతో ముడిపెట్టాలె. ఇసబెల్ కెర్, నర్సాగౌడ్‌ల పేర్లు మన బడిపిల్లల పుస్తకాల్లోకి రావాలె.

రోగి కులం, మతం, జేబు చూడకుండా మంచం వేసినదే దవాఖాన. మిగతావి దుకాణాలు.