సార్, లెక్క తేలలేదు!

రేపల్లెలో ఎవరికైనా ఆపరేషన్ అనగానే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మొదటి ప్రశ్న "డాక్టరెవరు?" అనే. తర్వాత బాపట్లలోనా, తెనాలిలోనా, లేక నేరుగా గుంటూరు వెళ్లిపోదామా అని చర్చ. ఆపైన ఖర్చు. "థియేటర్లో నర్సులెంతమంది ఉంటారు?" అని అడిగినవాళ్లని నేనింతవరకు చూడలేదు. అడగాల్సిన ప్రశ్నే అది.

ఒక నర్సు చేతులు స్క్రబ్ చేసుకుని, స్టెరైల్ గౌను వేసుకుని సర్జన్‌కి పరికరాలు అందిస్తారు. సినిమాల్లో మనం చూసేది ఈవిడనే. ఇంకొకరు ఆ గౌను వేసుకోరు. గదంతా తిరుగుతూ కావాల్సినవి తెచ్చిస్తారు, పేషెంటుని పడుకోబెట్టిన తీరు సరిగ్గా ఉందో లేదో చూస్తారు, రికార్డు రాస్తారు. ఈవిడే సర్క్యులేటింగ్ నర్సు. మత్తులో ఉన్న మనిషి "నొప్పి", "అటుకాదు, ఇటు" అని చెప్పలేడు కదా. అతని తరఫున మాట్లాడాల్సింది ఈవిడ.

లెక్కపెట్టడం కూడా ఈవిడ పనే. ఆపరేషన్‌కి ముందు ఒకసారి, కడుపు లోపలి పొర కుట్టేముందు ఒకసారి, పైచర్మం మూసేముందు మళ్లీ ఒకసారి. మాప్‌లు, సూదులు, పరికరాలు ఇద్దరు నర్సులూ పైకి చెప్పుకుంటూ లెక్కపెట్టాలి. రక్తంలో తడిసిన గుడ్డ లోపల ఇట్టే కలిసిపోతుంది మరి.

లెక్క తప్పితే? 2018 నవంబరులో హైదరాబాద్ నిమ్స్‌లో ఒకావిడకి ఆపరేషన్ జరిగింది. తర్వాత కడుపునొప్పి. 2019 ఫిబ్రవరిలో ఎక్స్‌రే తీస్తే కడుపులో ఫోర్సెప్స్! మళ్లీ ఆపరేషన్ చేసి తీశారు. అంత పెద్ద ఆస్పత్రిలోనే ఇలా జరిగింది.

ఇలాంటి కేసుల మీద అమెరికాలో 2003లో ఒక అధ్యయనం వచ్చింది. ఎమర్జెన్సీ ఆపరేషన్లలో వస్తువు లోపల ఉండిపోయే ప్రమాదం దాదాపు 9 రెట్లు ఎక్కువట. ఇంకో విషయం చూడండి. లెక్కపెట్టిన కేసుల్లో ఎక్కువ శాతం "లెక్క సరిపోయింది" అనే రాసుకున్నారు! అంటే లెక్కపెట్టడం ఒక్కటే చాలదు. అనుమానం వస్తే ఆపగలగాలి.

అసలు చిక్కంతా అక్కడే. మా సాఫ్ట్‌వేర్‌లో జూనియర్ "ఇందులో బగ్ ఉంది" అంటే రిలీజ్ ఆపొచ్చు, కోడ్ రేపు కూడా వెళ్తుంది. కానీ రాత్రి రెండింటికి, సర్జనే ఓనరైన చిన్న నర్సింగ్‌హోమ్‌లో, ఆయన దగ్గరే జీతం తీసుకునే సిస్టర్ "సార్, ఒక్క నిమిషం. ఒక మాప్ తక్కువొస్తోంది" అనగలరా? అంటే ఆయన ఆగుతారా, కసురుకుంటారా? పేషెంటు ప్రాణం ఆ ఒక్క మాట మీద ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన 19 అంశాల సర్జరీ చెక్‌లిస్ట్ ఈ భయానికి మందులాంటిది. మత్తిచ్చేముందు, కోత పెట్టేముందు, పేషెంటుని థియేటర్లోంచి బయటికి తీసుకెళ్లేముందు... మూడుసార్లు అందరూ ఆగాలి. చాలాచోట్ల దాన్ని పైకి చదివేది సర్క్యులేటింగ్ నర్సే. కోతకి ముందు ప్రతి ఒక్కరూ తమ పేరు, తమ పని చెప్పాలి. ఒకసారి నోరు విప్పినవాళ్లకి రెండోసారి మాట్లాడటం తేలికవుతుంది. న్యూఢిల్లీతో సహా 8 నగరాల్లో పరీక్షిస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. దీనికి కోట్ల రూపాయల మిషన్ అక్కర్లేదు. ఒక కాగితం, రెండు నిమిషాలు చాలు.

మనం చేయగలిగిందేంటి? ఆపరేషన్‌కి ముందు "సర్జరీ చెక్‌లిస్ట్ వాడతారా? సర్క్యులేటింగ్ నర్సు వేరేగా ఉంటారా?" అని మర్యాదగానే అడగండి. ఏ వైపు ఆపరేషనో మెలకువగా ఉన్నప్పుడే పెన్నుతో గుర్తు పెట్టించుకోండి. పడని మందులు, కట్టుడు పళ్లు, చివరిసారి ఎప్పుడు తిన్నారన్నది సిస్టర్‌కి కూడా చెప్పండి.

అలాగే డిశ్చార్జ్ రోజు స్వీట్ బాక్స్ డాక్టర్‌గారికొక్కరికే ఇవ్వకండి. లోపల లెక్క తేల్చినావిడకి కూడా ఒకటి ఇవ్వండి.