ఈ ఏడు మేము చదివినవి, అవి అడిగిన ప్రశ్న



సంవత్సరం చివర మన సంఘాల్లో లెక్కలు చదువుతారు. ఎన్ని బాప్తిస్మాలు, ఎన్ని పెళ్ళిళ్ళు, కానుకలెంత, మందిరం మరమ్మతుకు ఎంత ఖర్చయింది అన్నీ నివేదికలో ఉంటాయి. ఏం చదివాం అన్న లెక్క మాత్రం ఎవరూ అడగరు. ఈసారి ఆ లెక్క మేము చెబుతున్నాం. ఈ ఏడు మేము చదివిన నాలుగు పుస్తకాలు, ఒక ప్రభుత్వ ఉత్తర్వు కలిసి మా ముందు ఒకే ప్రశ్న పెట్టాయి: బాప్తిస్మం తీసుకున్నవాడి కులం ఎక్కడికి పోతుంది?

మేముంటున్న చింతాద్రిపేట దగ్గరే మొదలుపెడతాం. 1734లో ఈస్టిండియా కంపెనీ కూవం నది వంపులో సుంకురామ అనే వర్తకుడి తోటను తీసుకుని నేతగాళ్ళ కోసం ఏర్పాటు చేసిన పేట ఇది. చిన్న తరి పేట, అంటే చిన్న మగ్గాల ఊరు అన్న తమిళ మాట నుంచి ఈ పేరు వచ్చిందంటారు. 19వ శతాబ్దంలో ఇక్కడి సీయోను ఆలయానికి డబ్ల్యు. టి. సత్యనాథన్ గారు కాపరి. ఆయన భార్య అన్నా గారు ఆడపిల్లల బడులు నడిపారు. 1878లో వైద్యం చదవడానికి మద్రాసు వచ్చిన కృపాబాయి ఆ కుటుంబంలోనే ఉండి, తర్వాత వారి కుమారుడు శామ్యూల్‌ను పెళ్ళాడింది. 32 ఏళ్ళకే 1894లో కన్నుమూసింది. ఆమె ఇంగ్లీషులో రాసిన 'సగుణ' నవల మేము మొదట చదివిన పుస్తకం.

కృపాబాయి తల్లిదండ్రులు బ్రాహ్మణ కులం నుంచి క్రైస్తవులైనవారు. వారికి బంధువులు దూరమయ్యారు. చదువుకోవాలన్న ఆడపిల్ల ఆశకు ఇంటా బయటా ఎన్ని అడ్డంకులో, మతం ఒక్కటైనా దొరసానుల దగ్గర ఎంత చిన్నచూపు ఎదురయ్యేదో ఆమె దాచకుండా రాసింది. అంటే నూట ముప్పై ఏళ్ళ కిందటే ఒక క్రైస్తవ స్త్రీ, తన సంఘాన్ని ప్రేమిస్తూనే దాని లోపాన్ని వేలుపెట్టి చూపింది. ఇలా మాట్లాడడం అవిశ్వాసమని ఈరోజు మన యౌవనస్థులకు ఎవరైనా చెబితే, ఆ పుస్తకం చూపించండి.

రెండవది గుర్రం జాషువ గారి 'గబ్బిలం'. 1941లో వచ్చిన ఈ కావ్యంలో, గుడిలోకి అడుగుపెట్టే అర్హత లేని మనిషి, గుడిలోకి ఆటంకం లేకుండా పోగలిగే గబ్బిలంతో కాశీ విశ్వనాథుడికి తన మొర పంపుకుంటాడు. వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కవి, హిందూ దేవుడి ముందు ఫిర్యాదు ఎందుకు పెట్టాడని మాలో కొందరు అడిగారు. జవాబు పుస్తకంలోనే ఉంది. మతం మారినంత మాత్రాన ఊరు మారలేదు, ఊరి చూపు మారలేదు. ఆయన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మన సంఘాల్లో ఎన్ని ఇళ్ళల్లో ఆ పుస్తకం ఉంది?

మూడవది జి. కళ్యాణరావు గారి 'అంటరాని వసంతం'. 2000లో వచ్చిన నవల. రూతు అనే స్త్రీ జ్ఞాపకాల్లోంచి తరాల కథ నడుస్తుంది. కరువులో ఊరొదిలినవాళ్ళు బకింగ్‌హామ్ కాలువ పనికి బయలుదేరే ఘట్టం దగ్గర మేము చాలాసేపు ఆగాం. చింతాద్రిపేటలో ఎమ్మార్టీఎస్ రైలెక్కి మైలాపూరు వైపు పోతుంటే పక్కన నల్లగా కనిపించేది ఆ కాలువే. కూవం నుంచి అడయారు దాకా ఉన్న భాగాన్ని 1877-78 కరువులో ఆకలిగొన్న కూలీలే తవ్వారు. అదే కరువులో ఒంగోలు ప్రాంతంలో క్లౌ దొర కాలువ పనిలో కొంత కాంట్రాక్టు తీసుకుని పేదలకు పని కల్పించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకుండా కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. 'బియ్యం క్రైస్తవులు' అని మనల్ని ఎగతాళి చేసేవారికి ఈ సంగతి మన పిల్లలు చెప్పగలగాలి. చెప్పాలంటే ముందు తెలియాలి.

నాలుగవది సుజాత గిడ్ల గారు ఇంగ్లీషులో రాసి 2017లో అమెరికాలో ప్రచురించిన 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్'. కాజీపేటలో పెరిగి, న్యూయార్కు సబ్‌వేలో కండక్టరుగా పనిచేసిన తెలుగు క్రైస్తవ స్త్రీ, తన తల్లి కథ, శివసాగర్‌గా మనకు తెలిసిన మేనమామ సత్యమూర్తి కథ చెప్పింది. మూడు తరాల చదువు, ఉద్యోగం, విశ్వాసం కూడా ఆ కుటుంబం మీదున్న ముద్రను చెరపలేకపోయాయి.

ఈ నాలుగింటి పక్కన పెట్టి చదివింది 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా. హిందూ మతం వదిలినవారిని షెడ్యూల్డ్ కులంగా లెక్కించరాదన్నది దాని సారం. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు ఇంకా బయటే ఉన్నారు. దళిత క్రైస్తవులకు ఆంధ్ర, తెలంగాణల్లో బి.సి.-సి కింద ఒక్క శాతం రిజర్వేషనే ఉంది. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కూడా వారికి అందదు. మత ప్రాతిపదికను తీసేయాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసినా ఆ పేరా అలాగే ఉంది.

ఉత్తర్వు కులం పోయిందంటుంది. పుస్తకాలు పోలేదంటాయి. చట్టం మీద మనం పోరాడుతున్నాం, పోరాడాలి. కానీ కులం మనల్ని వదల్లేదని కోర్టులో వాదించేవాళ్ళం, ఆదివారం మందిరంలో మాత్రం మనలో కులం లేదని ఎలా చెబుతాం? ఇలాంటి పుస్తకాలు సంఘాన్ని చీలుస్తాయని కొందరు పెద్దలంటారు. వారి మీద గౌరవంతోనే ఒక మాట. పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు మనం మొదట వాకబు చేసే సంగతిని ఈ పుస్తకాలేవీ మనకు నేర్పలేదు. అవి రాకముందే అది మన ఇళ్ళల్లో ఉంది.

ఇంకొక సంగతి. చెన్నైలోని మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. పాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని పాడుతున్నారు. వాళ్ళను నిందించి లాభం లేదు, బడిలో తెలుగు లేదు. కానీ అక్షరం పోతే జాషువ పోతాడు, రూతు జ్ఞాపకాలు పోతాయి, మన కథ మన మీద జాలిపడేవాళ్ళో కోపగించుకునేవాళ్ళో చెప్పిందే మిగులుతుంది.

అందుకే వచ్చే ఏడాదికి మా విన్నపం చిన్నది. నెలకొక ఆదివారం, ఆరాధన తర్వాత అరగంట, చదవగలిగిన పెద్దవాళ్ళు ఒక పుస్తకంలోంచి కొన్ని పేజీలు బిగ్గరగా చదవండి. పిల్లలు వినాలి, ప్రశ్నలు అడగాలి. అమ్మమ్మలూ తాతయ్యలూ తమ ఊరి సంగతులు చెబితే ఎవరైనా రాసి పెట్టండి. పుస్తకాలు కొనలేనివారు గ్రంథాలయాలకు వెళ్ళండి. కూవం దాటితే ఎగ్మూరులో 1896 నుంచి కన్నెమరా గ్రంథాలయం ఉంది.

నజరేతులో మన ప్రభువు సమాజమందిరంలో లేచి నిలబడి చదివాడు. చదివింది బీదలకు సువార్త, నలిగినవారికి విడుదల. విన్నవాళ్ళు మొదట మెచ్చుకున్నారు. ఆ మాటలు తమ ఊరికే తగులుతున్నాయని తెలియగానే ఆయనను కొండ అంచు నుంచి తోసేయబోయారు. చదవడమంటే అంత పని. వచ్చే సంవత్సరాంతపు నివేదికలో మీ సంఘం ఏం చదివిందో ఒక వరుస చేర్చండి. చదివాక ఏం మారిందో రెండో వరుసలో రాయండి.