కర్ణభేరికి అవతల

పిల్లవాడికి పడిశం పట్టిన రెండు మూడు రోజులకు, సరిగ్గా అర్ధరాత్రి, చెవిపోటు మొదలవుతుంది. ఇంట్లో వెల్లుల్లి వేసి నూనె కాస్తారు. నొప్పి మాత్రం నూనె చేరే చోట లేదు, కర్ణభేరికి అవతల ఉంది.

ముక్కు వెనక నుంచి మధ్యచెవికి ఒక సన్నని గొట్టం ఉంది. 16వ శతాబ్దపు ఇటలీ వైద్యుడు యుస్టాకీ పేరు మీద దాన్ని యూస్టేషియన్ నాళం అంటారు. పెద్దల్లో అది ఏటవాలుగా ఉంటే, పసివాళ్లలో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబుకు లోపలి పొర వాచి దారి మూసుకుంటే మధ్యచెవిలో నీరు ఊరుతుంది, అందులో సూక్ష్మజీవులు పెరిగి చీము పడుతుంది. ఒత్తిడికి కర్ణభేరి చిల్లుపడి చీము కారగానే నొప్పి చప్పున తగ్గుతుంది. అసలు చిక్కు అక్కడే: తగ్గిందిగా అని డాక్టరు దగ్గరికి వెళ్లరు. పైగా అప్పుడు నూనె పోస్తే ఆ చిల్లులోంచి నేరుగా లోపలికే పోతుంది.

జలుబు చిక్కు చెవితోనే ఆగదు. ముక్కు పక్కనున్న సైనస్‌ల సంగతి 2021లో హైదరాబాద్‌లోని కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి చూసింది. కోవిడ్ వచ్చినవారికి సోకిన బ్లాక్ ఫంగస్ సైనస్‌ల నుంచే కంటికి పాకేది. షుగరు అదుపులో లేనివారే ఎక్కువగా చిక్కారు.

ఇక టాన్సిల్స్. ఏడాదిలో ఏడుసార్లు, లేదా వరుసగా రెండేళ్లు ఏటా ఐదుసార్లు గొంతు గట్టిగా వాస్తే ఆపరేషన్ ఆలోచిస్తారు. పక్కింటి పిల్లకు తీయించారన్నది ఆ లెక్కలోకి రాదు.