వేడినీళ్లు వస్తే గీజరు బాగున్నట్టేనా?

2023 మార్చిలో హోలీ ఆడి వచ్చి స్నానానికి వెళ్లిన దంపతులు ఉత్తరప్రదేశ్‌లోని ఘజియాబాద్ జిల్లాలో బాత్రూమ్‌లోనే చనిపోయారు. అదే రోజుల్లో ముంబయి ఘాట్కోపర్‌లో మరో జంట. రెండుచోట్లా అనుమానం గ్యాస్ గీజరు మీదికే వెళ్లింది. ఇలాంటి వార్తలు వచ్చినప్పుడల్లా ‘గ్యాస్ లీకై మృతి’ అనేసి ఊరుకుంటున్నాం. నా అభ్యంతరమంతా ఆ మాటతోనే.

వంటగ్యాస్ లీకయితే ఘాటుగా వాసనొస్తుంది. అలా రావాలనే అందులో మెర్కాప్టన్ కలుపుతారు. బాత్రూమ్‌లో చాలాసార్లు ప్రాణం తీసేది అది కాదు, కార్బన్ మోనాక్సైడ్. మంటకి సరిపడా గాలి అందనప్పుడు పుట్టే ఈ వాయువుకి రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ప్రాణవాయువు కన్నా 200 రెట్లు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, వికారం, కళ్లు తిరగటం. ఆ తర్వాత గడియ తీద్దామన్నా చెయ్యి లేవదు.

మనం గీజరు ‘పాడైంది’ అని ఎప్పుడంటాం? చల్లనీళ్లు వస్తేనే కదా! కుళాయి తిప్పితే టక్‌టక్‌మనే చప్పుడే లేదంటే బ్యాటరీ సెల్లు అయిపోయి ఉండొచ్చు, లేదా ట్యాంకు నీళ్ల ఒత్తిడి చాలకపోవచ్చు, నీళ్లు లోపలికొచ్చే చోట జల్లెడకి మట్టి పట్టి ఉండొచ్చు. చప్పుడొచ్చి మంట అంటుకోలేదంటే సిలిండర్ ఖాళీయేమో, వాల్వు మూసి ఉందేమో చూడాలి. వీటితో స్నానం ఆలస్యమవుతుందంతే. వెంటనే మెకానిక్‌ని పిలుస్తాం.

అసలు ప్రమాదం గీజరు చక్కగా పనిచేస్తున్నట్టు కనపడేటప్పుడే. నీలంగా ఉండాల్సిన మంట పసుపురంగుకి తిరిగినా, గీజరు పైన మసి పట్టినా, మండుతూ మండుతూ మంట ఆరిపోతున్నా వెంటనే వాడకం ఆపేయాలి. కానీ నీళ్లు వేడిగానే వస్తున్నాయి కదా అని పట్టించుకోం. పైగా చలిగాలి వస్తోందని వెంటిలేటర్‌కి అట్టముక్క అడ్డం పెడతాం.

ఇందులో ఆడవాళ్ల సంగతి ఇంకొకటుంది. మన ఇళ్లల్లో చాలాచోట్ల పిల్లలకీ, ఆయనకీ అయ్యాకే ఇల్లాలి స్నానం. ఒకరి తర్వాత ఒకరికి గీజరు మండుతూనే ఉంటే, చివరికి వెళ్లేవాళ్లకి మిగిలేది అందరికన్నా చెడ్డ గాలి. ఆవిడ కళ్లు తిరిగి పడిపోతే ఇంట్లోవాళ్లు ఏమంటారు? ‘నీరసం, సరిగా తినదు.’ ఫిట్స్ వస్తే మూర్ఛ అని మందులు. డాక్టర్లు ‘గ్యాస్ గీజర్ సిండ్రోమ్’ అని పేరు పెట్టేదాకా వచ్చిందంటే, ఇది ఒక ఇంటి దురదృష్టం కాదని తెలియటం లేదూ?

గీజరుని బాత్రూమ్ బయట, గాలి బాగా ఆడేచోట బిగించాలి. అక్కడ స్థలం లేకపోతే కరెంటు గీజరే మేలు. బాత్రూమ్‌లో ఎవరైనా పడిపోతే ముందు తలుపు తెరిచి గాలిలోకి తీసుకురండి, గీజరు కట్టేయండి, ఆస్పత్రిలో గీజరు సంగతి తప్పకుండా చెప్పండి. గ్యాస్ వాసనొస్తే 1906కి ఫోన్ చేయండి.

ఇదంతా గృహిణి జాగ్రత్తకే వదిలేస్తే ఎలా? కిటికీ లేని బాత్రూమ్ కట్టిన బిల్డరుకీ, అందులోనే గీజరు తగిలించిన ఇంటి యజమానికీ, బిగించి డబ్బు తీసుకుపోయిన మెకానిక్‌కీ బాధ్యత లేదా? అద్దెకి దిగేముందు నీళ్లొస్తాయా అని అడుగుతాం. గీజరు ఎక్కడుంది, దాని పొగ ఎటు పోతుంది అని కూడా అడుగుదాం. సమాధానం సరిగా రాకపోతే అది మార్పించాకే సామాను దించుదాం.